వచ్చే శనివారం నడిచే బండి

మాస్టారు కత్తెర విసిరాడని రాయించారు. బల్ల అంచు నుంచి జారి కూతురి పాదం పక్కన పడ్డ కత్తెరను, పాప మీదికే విసిరాడని ఆయన బావమరిది కోర్టు కాగితంలో రాయించాడు. జరిగింది చూసింది మాస్టారి భార్య ఒక్కతే. ఆమె అప్పటికే పోయింది. పిల్లలిద్దరూ అమ్మమ్మ ఇంటికి వెళ్లారు. కన్నతండ్రికి మిగిలింది శనివారం నాలుగు నుంచి ఐదు దాకా, ఫ్యామిలీ కోర్టులోని మా ఆఫీసు గదిలో.

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన కటింగ్ మాస్టారు. నేను కోర్టు ఆఫీసులో టైపిస్టుని. ఆ గది తలుపు మూయకూడదని రూలు కాబట్టి నా బల్ల దగ్గరికి అన్నీ వినిపించేవి. గోడ మీద నవ్వే ఏనుగు బొమ్మ ఒకటి అంటించారు. ఆ గదిలో అప్పటిదాకా ఇంకెవరూ నవ్వగా నేను చూడలేదు.

మొదటి రెండు వారాలు పిల్లలు అమ్మమ్మ చెయ్యి వదల్లేదు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లారో పర్యవేక్షణ మేడమ్ రాసుకుంటూ కూర్చుంది. పిల్లలు దగ్గరికి రాకపోతే ఈ గంట కూడా పోతుందని మాస్టారికి తెలుసు.

మూడో వారం ఆయన జేబులోంచి ఖాళీ దారపు రీలు తీశాడు.

"దీన్తో బండి చేద్దాం. రబ్బరు బ్యాండు మెలేసి వదిలితే దానంతటదే పాకుతుంది."

"పెట్రోలు?" అన్నాడు నాలుగేళ్ల బుడ్డోడు.

"అక్కర్లేదురా. నీలాగే, మెలిపెడితే పరిగెడుతుంది."

వాడు కిసుక్కున నవ్వి వచ్చి ఒళ్లో కూర్చున్నాడు. ఏడేళ్ల పాప కూడా మెల్లగా దగ్గరికి జరిగింది.

ఆ బండికి పావుగంట చాలు. కానీ బండి అయిపోతే వచ్చే వారం వీళ్లు ఎందుకు వస్తారు? అందుకని ఆ రోజు రీలు అంచులకు గాట్లు మాత్రం పెట్టించాడు. కత్తెర లోపలికి రానివ్వరు కాబట్టి, తాళంచెవి కొనతో. నాలుగో వారం కొవ్వొత్తి ముక్కకు కన్నం. ఐదో వారం చీపురుపుల్లకు రంగు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు ఆయన నా బల్ల మీద వేళ్లతో దరువేసేవాడు కూడా.

ఆరో వారం పాప చెయ్యి చాపింది. "రబ్బరివ్వు నాన్నా. ఇవాళ నడిపిద్దాం."

"వచ్చే శనివారం తల్లీ."

పాప మొహం మాడిపోయింది. "ఎప్పుడూ వచ్చే శనివారమే. అమ్మ కూడా వచ్చే శనివారం ఆస్పత్రి నుంచి వస్తుందన్నావు."

పాప రీలు నేలకేసి కొట్టి అమ్మమ్మ వెనక్కి వెళ్లిపోయింది. అక్కని చూసి బుడ్డోడూ ఏడుపు అందుకున్నాడు.

"ఇప్పుడే చేస్తాను, ఇదిగో, ఇప్పుడే," అంటూ ఆయన జేబులు తడుముకున్నాడు. రబ్బరు లేదు. "ఎవరి దగ్గరైనా రబ్బరుందా? మేడమ్, ఒక్క రబ్బరు!"

నేను ఫైలుకున్నది లాగి పరిగెత్తాను. అది మరీ వెడల్పు, రీలు కన్నంలో దూరలేదు. అగ్గిపుల్లతో తోశాడు, పంటితో లాగాడు. గుడ్డ దొంతరలను గీత తప్పకుండా కోసే వేళ్లకు ఆ చిన్న కన్నం లొంగలేదు.

"టైమైంది మాస్టారూ," అంది మేడమ్, పెన్ను మూస్తూ.

'తండ్రి మాట నిలుపుకోడు. పిల్లలు భయపడి ఏడ్చారు.' మేడమ్ రాసిన ఆ రిపోర్టు సోమవారం నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా శనివారాలు బంద్.

తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను, ఆఫీసు మెట్ల మీద. గడ్డం మాసి ఉంది. లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్ముడూ, సంతకాలకి వాళ్ల అమ్మమ్మతో పిల్లలొస్తారుగా. పాప అడిగితే నాన్న రబ్బరు మర్చిపోయాడని చెప్పు. ఆ రోజు నేను కావాలనే ఇంట్లో పెట్టొచ్చాను. అది మాత్రం చెప్పకు. మతిమరుపు నాన్న అనుకున్నా ఫర్లేదు."