కొరియా సైనికుడి కోటుకు మా అమ్మ రవిక గుడ్డలు

పాతకాలపు కొరియా సైన్యాధికారుల కోటును చూసి, అమ్మాయిల కోసం నేనొక పసుపు కోటు కుడుతున్నాను. రేపే కాలేజీలో చూపించాలి. నా డిజైనింగ్ కోర్సుకు అదే చివరి పరీక్ష. ఈ రోజు ప్రొద్దుటూరులో మా ఇంట్లో కూర్చుని, ఇరుగుపొరుగుకు జాకెట్లు కుట్టే అలవాటుతో దాని చేతులు మోచేతి వరకే కత్తిరించేశాను. గుడ్డ అయిపోయింది. ఏడుపొచ్చింది.

బడి ముఖం చూడని మా అమ్మ బీరువా తెరిచి, పేరంటాల్లో తనకు పెట్టిన రెండు ఎర్ర రవిక గుడ్డలు తీసింది.

"ఏడ్చేదెందుకు పాపా? జమ్మలమడుగు అత్తకు పెడదామని దాచింటి. ఆమెకు మళ్లా చూద్దాంలే, కుట్టుకో."

"పసుపు కోటుకు ఎర్ర చేతులేందిమా?"

"పసుపూ కుంకుమా మాదిరి శానా బాగుంటాది."

అనుమానంగా ఫోన్‌లో మళ్లీ వెతికాను. నిజంగానే కొందరు అధికారుల పసుపు కోట్లకు ఎర్ర చేతులున్నాయి! అమ్మకు చూపించాను. తేరిపార చూసి అడిగింది: "ఆళ్లకు రవిక గుడ్డలు ఎవురు పెట్టినారో!"

కోటు పూర్తయింది. మా అమ్మకు బొట్టుపెట్టి ఆ గుడ్డలిచ్చిన ఆడవాళ్లందరికీ దండాలు. మీ బీరువాలో ఎర్రది ఉంటే చెప్పండి, జమ్మలమడుగు అత్తకు పెట్టాలి.