మొగ్గల బోర్డు

మా సందు మొదట్లో, కరెంటు స్తంభం పక్కన, రెండేళ్ల కిందట ఒక బోర్డు పెట్టారు. కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడి ఆడవాళ్లు ఇళ్ల ముందు కూర్చుని మల్లెమొగ్గలు మాలలు కట్టి మార్కెట్‌కు పంపేవారట. అందుకే దీనికి మొగ్గల సందు అని పేరు వచ్చిందట. అది అబద్ధం. ఇది మగ్గాల సందు. నేను ఇక్కడే పుట్టాను. ఏడో ఏటి నుంచి మా నాయనకు కండెలకు నూలు చుట్టి ఇచ్చాను. ఈ సందులో పూలు కట్టి అమ్మిన ఆడమనిషి ఒక్కతె కూడా లేదు. తీరిక ఉంటే కదా కట్టడానికి.

బెంగళూరు చిక్‌పేట మెట్రోలో దిగి పది నిమిషాలు నడిస్తే మా సందు వస్తుంది. చేతులు చాపితే రెండు వైపులా గోడలు తగులుతాయి. మా తాత కాలంలో గుంట మగ్గాలు, మా నాయన కాలానికి కరెంటు మగ్గాలు. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక గదిలో మేం ఆరుగురం. పొద్దున్నే స్విచ్ వేస్తే గోడలు, గిన్నెలు, పడుకున్నవాళ్ల దవడలు అన్నీ అదిరేవి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని మా సందువాళ్లు పెదవులు చూసి మాట్లాడుకునేవారు. గొంతుతో పని లేదు. మగ్గం దగ్గరున్న మనిషిని పిలవాలంటే అరిచేవాళ్లం కాదు. వెళ్లి ఎదురుగా నిలబడేవాళ్లం, అతను తలెత్తేదాకా. పెళ్లిళ్లలో మాత్రం మావాళ్ల గొంతులు పెద్దవిగా ఉండేవి. పక్క పేటవాళ్లు నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ చప్పుడుకు చెవులు పోయిన మగవాళ్లకు ఇంకో అలవాటు ఉండేది. ఎదుటి మనిషి మాట అందకపోతే మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టకుండా ‘ఊఁ’ అని తలూపేవారు. అలా తలూపి కుదిర్చిన సంబంధం కూడా ఒకటి ఉంది. అది మా అక్కదే.

మగ్గాలు పోయిన గదుల్లో ఇప్పుడు పెళ్లిపత్రికల అట్టలు, ప్లాస్టిక్ కవర్ల కట్టలు ఉన్నాయి. పై గదుల్లో అనంతపురం, కర్నూలు వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవాళ్లు ఉంటున్నారు. వాళ్లు దీన్ని గోడౌన్ సందు అంటారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్లు బోర్డు పెట్టలేదు.

బోర్డు మీది మాటలు రాసింది ఒక తెలుగు అమ్మాయి. మహదేవపురలో ఉద్యోగం. ఆదివారాలు పాత పేటల చరిత్ర సేకరించే నలుగురైదుగురితో కలిసి వచ్చేది. నేను ఆమెను స్తంభం దగ్గరే ఆపి తప్పు చెప్పాను. ఆమె ఫోను తీసింది.

“ఆంటీ, మీ ఎదురింటి తాతగారే కన్ఫర్మ్ చేశారు. రికార్డింగ్ ఉంది.”

వినిపించింది. “తాతగారూ, మొగ్గల సందు అంటే పూలమొగ్గలేనా?” అని ఆమె గొంతు. తరవాత “ఊఁ.”

ఎదురింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. మా నాయనతో కలిసి నేసిన మనిషి. ఆయన చెవులు పోయి ముప్పై ఏళ్లు. చెవిటి మనిషిని అడిగి చరిత్ర రాస్తారా అన్నాను. ఆమె నొచ్చుకుంది. “మీ తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది కదా ఆంటీ, మగ్గమో మొగ్గో ఎవరైనా పొరపాటు పడతారు” అంది. మా తెలుగు. ఆ మాట ఆమె ఏ ఆదివారం అందో, ఏ రంగు బట్టలు వేసుకుని అందో చెప్పగలను.

బోర్డు పెట్టినవాళ్లకు ఉత్తరాలు రాశాను. పాత పేరుకు ఆధారం అడిగారు. రేషన్ కార్డులో, కరెంటు బిల్లులో సందు పేరు బదులు క్రాసు నంబరే ఉంది. మగ్గాల సందు అనే పేరు నోళ్లలో తప్ప కాగితాల్లో ఎప్పుడూ లేదు. ఆ నోళ్లలో చాలావరకు ఇప్పుడు లేవు. చివరికి ఆ అమ్మాయే ఒక దారి చెప్పింది. అవునన్న పెద్దాయనే కాదని రాసి సంతకం పెడితే బోర్డు మారుస్తామంది.

ఆయన గడప నేను తొక్కి చాలా ఏళ్లయింది. సందులో అందరికంటే ముందు మగ్గాలను పాత ఇనుముకు అమ్మింది ఆయనే. లారీ మలుపు తిరిగేదాకా మా నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. తరవాత ఒక్కొక్కరే అమ్మేశారు. చివర మేం అమ్మాం. ఈ సంగతి కుళాయి దగ్గర, పెళ్లి పందిట్లో, ఎక్కడ పడితే అక్కడ చెప్పాను. ఆయన పక్కనే ఉన్నా చెప్పాను.

ఇది మగ్గాల సందే అని రాసిన కాగితం తీసుకుని వెళ్లాను. ఆయన గదిలో కుర్చీలో ఉన్నాడు. తలెత్తేదాకా ఎదురుగా నిలబడ్డాను. గొంతు లేకుండా అడిగాను, ఆ అమ్మాయి మాట అందలేదా అని.

“అందింది పాపా. నోరు చూస్తానే ఉండా. మొగ్గ అనింది. ఊఁ అంటి.”

ఎందుకన్నావన్నాను.

“మగ్గమంటే మళ్ళా అడుగుతారు. యాడికి పోయినాయి, ఎవురు అమ్మిరి అని. పూలైతే ఎవురూ ఏమీ అడగరు.”

అయినా కాగితం తీసుకున్నాడు. అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. పెన్ను తీసి, మూత తీసి, ఆగాడు.

“బోర్డు మారితే వాళ్లు మళ్ళా వస్తారు. నిన్నే అడుగుతారు. మొదట అమ్మింది నేనని చెప్తావా?”

ఆయన నా నోరే చూస్తున్నాడు.

“చెప్తాను,” అన్నాను. “జరిగిందే కదా.”

పెన్నుకు మూత పెట్టాడు. కాగితాన్ని ఉన్న మడతల మీదే మడిచి నా చేతికి ఇచ్చాడు. కోపం ఏమీ లేదు. కోడలు కాఫీ పెడుతుండాది, తాగి పొమ్మన్నాడు. తాగాను. చక్కెర తక్కువైంది.

చెప్పనని పెదవులు కదిపి ఉంటే సంతకం పడేది. తరవాత నేను వాళ్లకు ఏం చెప్పినా ఆయనకు వినపడేది కాదు. ఇది మెట్లు దిగుతుండగా తట్టింది. వెనక్కి వెళ్లలేదు.

నా సంతకం ఒక్కటే పెట్టి, ఆయన చోటు ఖాళీగా ఉంచి, ఆ కాగితాన్ని ఫొటో తీసి ఆ అమ్మాయికి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రానికి చదివినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి.