చల్లటి బానెట్ మీద చెయ్యి

ఈ పొద్దున వాకిట్లోకి వెళ్లి ఎర్ర కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. కార్తీకమాసపు చలి రాత్రంతా ఆ రేకులో దిగినట్టుంది, వేళ్ల కణుపుల దాకా జివ్వుమంది. వంగితే పాత రెక్సిను వాసన, దాని వెనక సన్నగా పెట్రోలు వాసన. పది గంటలకు ఎవరో కొత్త దంపతులు ఈ కారు చూడడానికి వస్తామన్నారు. కొంటామని అనలేదు, చూస్తామన్నారు. మా మనవరాలు శ్రావణి భర్త తాళం తీసుకుని నా వెనకే వచ్చాడు. చలికి మొరాయిస్తే వాళ్ల ముందు బాగోదని, ఒక పది నిమిషాలు నడిపి ఉంచుతానని అన్నాడు. మంచికే అన్నాడు. నేను తాళం అతని చేతిలోంచి తీసుకుని బొడ్లో దోపుకున్నాను. ఎందుకని అడిగాడు. యాకూబ్ భాయ్ గురించి చెప్పకుండా దానికి జవాబు చెప్పడం కుదరదు. అతను యాకూబ్ భాయ్‌ని చూడలేదు. మీరూ చూసి ఉండరు.

సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం పిల్లలు ఊళ్ల నుంచి బస్సు దిగి నేరుగా అమీర్‌పేటకు వస్తున్న రోజులవి. మైత్రీవనం వెనక సందులో నేను ఆడపిల్లల హాస్టలు నడిపేదాన్ని. తెనాలి నుంచి వచ్చి స్థిరపడినదాన్ని, భర్త పోయినదాన్ని, మూడో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. కట్టుదిట్టంగా ఉండకపోతే ఎవరూ లెక్కచెయ్యరని నా నమ్మకం. తొమ్మిదింటికి గేటు వేసేదాన్ని. గదిలో మనిషి లేకుండా ఫ్యాను తిరిగితే మెయిన్ తీసేసేదాన్ని. అరిగిపోయిన పళ్ల బ్రష్షులు కూడా పారెయ్యనిచ్చేదాన్ని కాదు, సింకు మూలలు తోమడానికి పనికొస్తాయని డబ్బాలో వేయించేదాన్ని. పిల్లలు వెనకాల నన్ను జైలరమ్మ అనేవాళ్లు. నాకు తెలుసు. తెలియనట్టే ఉండేదాన్ని.

ఒక రోజు నలభై మందికి ఇడ్లీ పిండి రుబ్బే పెద్ద గ్రైండరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. పంజాగుట్టలో కార్లు బాగుచేసే మనిషి ఒకాయన ఉన్నాడు, మోటారన్నది ఏదైనా చూస్తాడని ఎవరో చెబితే కబురు చేశాను. పొడుగ్గా, సన్నగా, నెరిసిన గడ్డంతో వచ్చాడు. ఆ అరుపు ఆయన చెవిన పడాలని నేను గ్రైండరు ఆపకుండా నడుపుతూనే ఉన్నాను. ఆయన లోపలికి వస్తూనే మోటారు మీద అరచెయ్యి పెట్టి తీశాడు. స్విచ్ ఆపాడు. బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"ఏంటయ్యా కూర్చున్నావు? రాత్రికి పిండి పులవాలి నాకు," అన్నాను.

"సల్లారనియ్యుండ్రి అమ్మా. వేడి మీద అన్ని మంచిగనే నడుస్తయ్. సల్లగున్నప్పుడే మిషిన్ నిజం చెప్తది."

గంట సేపు కూర్చున్నాడు. రెండు టీలు తాగాడు. నేను లోపల సణుగుతూనే ఉన్నాను. చల్లారాక మళ్లీ నడిపించి, చెవి దగ్గరగా ఆనించి విని, ఒక బేరింగు మార్చాడు. వెళ్లబోతూ పాత బేరింగును ఉర్దూ పేపరు ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇది నేనేం చేసుకోను అన్నాను. "మార్చిన్నో లేదో మీకెట్ల ఎరక? గిది మీది, మీ దగ్గర్నే ఉండాలె," అన్నాడు. అంతవరకు నా ఇంటికి వచ్చిన పనివాళ్లెవరూ నాకు అలా చూపించలేదు. ఆడమనిషి, పైగా చదువు లేదు, ఏం తెలుస్తుందిలే అనుకునేవాళ్లే అందరూ. ఆ పొట్లాన్ని బిస్కెట్ల డబ్బాలో వేసి దాచాను. ఆ రోజు నుంచి ఆయన నాకు యాకూబ్ భాయ్ అయ్యాడు.

పంజాగుట్టలో ఆయన షెడ్డు రేకుల కింద నాలుగు బండ్లు పట్టేంత. ఆ రోజుల్లో మొదటి జీతాలు చేతికి రాగానే కుర్రవాళ్లు పాత కార్ల కోసం తిరిగేవాళ్లు. కొనే ముందు ఒకసారి చూసిపెట్టమని ఆయన్ని తీసుకువెళ్లేవాళ్లు. ఆయన పద్ధతి ఒకటే. బానెట్ ఎత్తే ముందు దాని మీద అరచెయ్యి పెట్టేవాడు. వెచ్చగా తగిలితే, అమ్మేవాడు ముందే నడిపి సిద్ధం చేశాడన్నమాట. ఇక ఒక్క మాట లేకుండా తన స్కూటరు తన్నుకుని వెళ్లిపోయేవాడు. ఇప్పుడే కూరగాయలకు వెళ్లొచ్చామని చెప్పినా వినేవాడు కాదు. ఈ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియడం వల్లే నేను ఆ పని చేశాను.

మా శ్రావణి నా కూతురి కూతురు. నా దగ్గరే ఉండి చదువుకుని, అప్పటికి రెండేళ్లుగా కంపెనీలో పని చేస్తోంది. తెలివైన పిల్ల. అందరూ కంప్యూటర్లంటే కంప్యూటర్లు చదివింది. నాకిది కావాలని నోరు తెరిచి అడిగింది ఎరగను. అలాంటిది ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఇంట్లో పాత స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉందని చెప్పింది. రెండే తలుపులు, ఇద్దరే పడతారు, నేలకు జానెడు ఎత్తు. ఏళ్ల తరబడి రోడ్డెక్కించకుండా పెట్టేశారు, అప్పుడప్పుడు ఇంజను మాత్రం నడిపిస్తారట. కొని, ఆదివారాలు తనే విప్పి బాగుచేసుకుంటానంది.

"పొద్దస్తమానం నేను చేసేదేదీ చేతికి తగలదు అమ్మమ్మా. ముట్టుకుని చూసేది ఒక్కటైనా చెయ్యాలని ఉంది. నువ్వు వద్దంటే కొనను."

ఆ చివరి మాట దగ్గరే నేను చిక్కుకుపోయాను. మొండికేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అది నిర్ణయం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నలుగురు కూర్చోలేని కారు, పాతది, పైగా ఏళ్లుగా రోడ్డెక్కనిది. వాకిట్లో సగం చోటు తింటుంది. పిల్లలు బట్టలెక్కడ ఆరేసుకుంటారు? వద్దనడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి. కానీ ఆ పిల్ల మొహం చూస్తే ఒక్కటీ బయటికి రాలేదు. సరే, యాకూబ్ భాయ్ చూసి చెబుతాడులే అన్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాం. శనివారం సాయంత్రం అది లేనప్పుడు నేను కారు ఆసామికి ఫోను చేసి, రేపు మేం వచ్చేసరికి బండి ఒక అరగంట నడిపి సిద్ధంగా ఉంచండి, ఎండలో నిలబడలేను అని చెప్పాను. చెయ్యి పెడతాడు, వెచ్చగా ఉంటుంది, వెళ్లిపోతాడు. వద్దన్నది నేను కాదు. పిల్ల నన్ను ఏమీ అనలేదు.

ఆసామి రిటైరైన ఇంజనీరు, పెద్దమనిషి. నేను చెప్పినట్టే చేశాడు. పెంకుల వసారా కింద ఎర్ర కారు, దుమ్ము తుడిచి, ముక్కు బయటకు పెట్టి ఉంది. శ్రావణి దాని చుట్టూ గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు తిరిగింది. యాకూబ్ భాయ్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. నేను చీర కొంగు సర్దుకుని గేటు వైపు చూశాను, ఇక వెళ్లడమే కదా అని.

ఆయన వెళ్లలేదు. బండి ఎందుకు వేడి చేశారని ఆసామిని మామూలుగా అడిగాడు. "ఈ అమ్మగారే ఫోను చేసి చెప్పారు కదండీ," అన్నాడాయన. శ్రావణి అప్పుడు కారు వెనక వంగి ఏదో చూస్తోంది, ఆ మాట వినలేదు. యాకూబ్ భాయ్ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"వద్దనాలంటే మీ నోటితోని వద్దనుండ్రి అమ్మా. నా చెయ్యితోని అబద్ధం చెప్పియ్యకుండ్రి."

ఇన్నేళ్ల జీవితంలో నన్ను ఎవరూ అంత మెల్లగా, అంత గట్టిగా మందలించలేదు. తలెత్తలేకపోయాను. ఆయన గట్టు మీద రుమాలు పరిచి, కూర్చోమన్నాడు. చల్లారే దాకా ఆగుదాం, మనకేం తొందర అని శ్రావణికి చెప్పాడు. రెండు గంటలకు పైగా వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఇంజనీరుగారి ఇంట్లోంచి మజ్జిగ వచ్చింది. నా మొహం చూసి జాలేసిందేమో, యాకూబ్ భాయ్ తన సంగతి ఒకటి చెప్పాడు. ఒకసారి సొంత బావమరిది కారు కొనేటప్పుడు, ఆగమనడానికి మొహమాటపడి, వేడిగా ఉన్న బండికే సరే అనేశాడట. అది పెళ్లివారితో సహా మెహిదీపట్నం రోడ్డు నడిమధ్య ఆగిపోయింది. "రెండు ఈద్‌లు మా ఇంటికి రాలే అమ్మా. ఆయన బాధ కాదు, మా ఇంటామె బాధ పడలేకపోయిన," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక కొంచెం ఊపిరాడింది.

ఆయన అటు తిరిగి బీడీ ముట్టించుకున్నప్పుడు శ్రావణికి చెప్పేశాను, ఫోను చేసింది నేనేనని. ఎందుకు అంది. వద్దనడానికి నోరు రాలేదన్నాను.

"నీకా? నలభై మందిని గదమాయిస్తావు, నా ఒక్కదాని దగ్గర నోరు రాలేదా?"

అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. బట్టల తీగలు కాదు, చోటు కాదు. "సగంలో వదిలేస్తావేమోనని భయం నాకు," అన్నాను. "విప్పిన సామాను వాకిట్లో తుప్పు పడుతుంటే, నువ్వు రోజూ దాన్ని తప్పుకుని ఆఫీసుకు పోతుంటే, నేను చూడలేను. సగంలో వదిలేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడో తరగతి పలక ఇప్పటికీ కళ్లలో ఉంది."

శ్రావణి నా చేతిలోని మజ్జిగ గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. "నేను సగంలో వదిలేస్తే నువ్వు ఊరుకుంటావా అమ్మమ్మా?" అంది.

ఊరుకోనన్నాను. వెంటనే వచ్చింది ఆ మాట, ఆలోచించకుండానే.

బండి చల్లబడ్డాక యాకూబ్ భాయ్ మళ్లీ చెయ్యి పెట్టి చూసి, తాళం తిప్పాడు. దగ్గింది, ఆగింది. నాలుగోసారికి అంటుకుంది. వసారా అంతా నీలం పొగ. కింద పడుకుని చూశాడు, వేలితో పొడిస్తే అడుగు రేకు పెచ్చులూడింది. లేచి, చేతులు తుడుచుకుంటూ, ఆసామి ముందే అన్నీ చెప్పాడు. నూనె తాగుతున్నది. అడుగు రేకు తుప్పు తిన్నది. బ్రేకులు నమ్మేటట్టు లేవు. సామాను దొరకదు, లేత్ మీద చేయించుకోవాలె. ఇన్ని చెప్పాక ఆగి, "గని ఇంజన్ల దమ్ముంది," అన్నాడు. కొనమంటారా అని శ్రావణి అడిగితే తల అడ్డంగా తిప్పాడు. "బండి సంగతి నేను చెప్పిన బిడ్డా. కొనుడు సంగతి మీది." ఇద్దరూ నా వైపు చూశారు. బట్టల తీగలు రేపు డాబా మీదికి మార్పిస్తానన్నాను.

కారు పూర్తిగా బాగుపడడానికి మూడేళ్లన్నాడు యాకూబ్ భాయ్, నాలుగు దాటింది. నిజానికి ఆ ఆదివారాల్లోనే నేను ఆయన దగ్గర చదువుకున్నాననిపిస్తుంది. ఆయన విప్పేవాడు కాదు. పక్కన నిలబడి శ్రావణి చేత విప్పించేవాడు. విప్పిన బోల్టులు కలిసిపోతుంటే నేను సొట్టలు పడిన పాత ఇడ్లీ రేకులు తెచ్చి ఇచ్చాను, ఒక్కో గుంటలో ఒక్కో చోటివి వేసుకోమని. అది చూసి ఆయన మురిసిపోయాడు. తన ముప్పై ఏళ్ల పనిలో ఇంత మంచి ఉపాయం చూడలేదని షెడ్డుకు కూడా రెండు రేకులు అడిగి పట్టుకెళ్లాడు. దాచిన పళ్ల బ్రష్షులతో సామాను కిరసనాయిల్లో తోమే పని నాది. హాస్టలు పిల్లలు కోర్సు పుస్తకాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని చూసేవాళ్లు. ఇద్దరు ముగ్గురు చున్నీలు నడుముకు చుట్టుకుని దిగి వచ్చేవాళ్లు కూడా. నడుమ ఒక ఏడాది శ్రావణి నిజంగానే విసిగిపోయింది. ఆఫీసులో పని ఎక్కువై మూడు నెలలు కారు ముసుగు తీయలేదు. నేను అరవలేదు. ఒక ఆదివారం తెల్లవారి ముసుగు నేనే తీసి, స్పానరు కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. లేచి వచ్చి స్పానరు అందుకుంది. మార్చిన ప్రతి ముక్కా ఉర్దూ పేపరులో చుట్టి నా డబ్బాలోకే చేరేది. ఒక డబ్బా నిండి రెండోది పెట్టాను.

కారు మొదటిసారి రోడ్డెక్కిన రోజు శ్రావణి పక్కన కూర్చోమని యాకూబ్ భాయ్‌ని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "ఊకోనని మాటిచ్చింది మీరు కద, మీరే కూసోండ్రి," అన్నాడు. ఆ రోజు బీడీ తాగుతూనే మా మాటలు విన్నాడన్నమాట. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వెళ్లాం. నేలకు అంత దగ్గరగా కూర్చుంటే ఊరంతా ఎత్తుగా కనబడింది. మా వెనక ఆయన స్కూటరు వస్తూ ఉంది, ఎక్కడైనా ఆగుతామేమోనని. ఆగలేదు.

యాకూబ్ భాయ్ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నా నోటి కటువు తగ్గలేదు. కానీ ఆ రోజు తర్వాత, వద్దనుకున్నది వద్దనే చెప్పాను. వేరేవాళ్ల చేత చెప్పించలేదు. భయమైతే భయమని చెప్పాను. మా ఇంట్లో అది కొత్త. మా అమ్మాయికి, అంటే శ్రావణి తల్లికి, అలా చెప్పి ఉంటే ఎన్ని తగవులు తప్పేవో అని ఒక్కోసారి అనుకుంటాను. ఇప్పుడు శ్రావణి ఇంతకంటే పాతదీ, ఇంతకంటే పాడైందీ ఒక బండి చూసింది. వాకిట్లో చోటు ఒక్కదానికే ఉంది. అందుకే దీన్ని అమ్ముతోంది. అమ్మనా అని నన్ను అడిగింది. దిగులుగా ఉందన్నాను. అమ్మమన్నాను. రెండూ నిజమే.

పది దాటాక ఆ దంపతులు వచ్చారు. అబ్బాయి ఫోనులో చూసుకొచ్చిన ప్రశ్నలు చదువుతున్నాడు. అమ్మాయి మాత్రం మాట్లాడకుండా కారు చుట్టూ తిరుగుతోంది, ఒకప్పుడు శ్రావణి తిరిగినట్టే. ముందు చెయ్యి పెట్టి చూడమ్మా అన్నాను. అర్థం కాకపోయినా పెట్టింది. చల్లగా ఉందంది. ఉండాలి అన్నాను. వానాకాలం ఎడమ అద్దం దిగదని, రెండో గేరు మొండికేస్తుందని, పొద్దున పూట ఒక్కసారికి స్టార్ట్ కాదని, వాళ్లు అడగకముందే అన్నీ చెప్పాను. శ్రావణి భర్త పక్కన నిలబడి నెత్తి గోక్కున్నాడు. శ్రావణి లోపలి నుంచి రెండు బిస్కెట్ల డబ్బాలు తెచ్చి వాళ్ల ముందు మూతలు తీసింది. ఆ అమ్మాయి ఒక పొట్లం విప్పి, లోపలి తుప్పు ముక్కనూ పసుపెక్కిన ఉర్దూ అక్షరాలనూ చాలాసేపు చూసింది.

బొడ్లోంచి తాళం తీసి ఆమె చేతికిచ్చాను. పొద్దుటి నుంచి నా ఒంటికి ఆని ఉండి, తాళం ఒక్కటే వెచ్చగా ఉంది. ఆమె లోపల కూర్చుని తిప్పింది. కారు దగ్గింది, ఆగిపోయింది. ఆమె గాభరాగా నా వైపు చూసింది.

"మళ్లీ తిప్పమ్మా," అన్నాను. "మాకేం తొందర లేదు."