కుర్చీకాలికి గాజులు తొడిగిన లేవి

జమ్మలమడుగు తాలూకాలో కొయ్యను గిరగిరా తిప్పి చెక్కే తరిమెన పట్టేవాళ్లందరిలోకీ లేవి గొప్పవాడు. ఈ సంగతి అందరికీ లేవి తానే చెప్పాడు. నేలమీద కూర్చుని, ఒక చేత్తో విల్లులాంటి కమాను లాగుతూ, రెండో చేతిలోని ఉలిని కాలి బొటనవేలితో అదిమిపట్టి, బొంగరాలు, పప్పుగుత్తులు, మంచం కోళ్లు నున్నగా తీసేవాడు. కమాను లాగితే కొయ్య ఇటు తిరుగుతుంది, తోస్తే అటు. ఇటు తిరిగేటప్పుడే ఉలితో కోయాలి. అటు తిరిగేటప్పుడు ఎత్తిపట్టాలి. కోసి ఎత్తి, కోసి ఎత్తి, లేవి చెయ్యి నిద్రలో కూడా ఆ పనే చేసేది. అందుకే భార్య సంతోషమ్మ వేరే చాప వేసుకునేది.

లేవి క్రైస్తవ మిషను బడిలో పని నేర్పే మేస్త్రీ. 1912లో ఆ బడికి కొత్త దొర వచ్చాడు. కాలివేళ్లతో పనిచేసేవాడు మేస్త్రీ కాడని తేల్చాడు.

"ఇంగ్లండుకు వెళ్లు. మావాళ్లలాగా నిలబడి కుర్చీకాళ్లు చెయ్యడం నేర్చుకో. నేర్చుకోకపోతే నీ పనీ, నువ్వుండే ఇల్లూ ఇంకొకరికి."

సంతోషమ్మ సద్దిమూట కట్టింది. "నిలబడేది నేర్సుకునేదానికి ఓడెక్కి పోతాండావా? ఈడ నిలబడితే నిలబడినట్టు కాదా?"

"ఈడ నిలబడితే దొరకు కనపడదే," అన్నాడు లేవి.

ఇంగ్లండులో కుర్చీలు చేసే కార్ఖానాలో తరిమెన ఎప్పుడూ ఒకవైపే తిరిగేది. లేవి దాని ముందు నిలబడి ఉలి ఆనించాడు. కొయ్య ఆగలేదు. చెయ్యి మాత్రం అలవాటు చొప్పున కోసింది, ఎత్తింది, కోసింది, ఎత్తింది. నున్నగా రావలసిన కాలికి పైనుంచి కిందిదాకా గాజులు తొడిగినట్టు గీతలు పడ్డాయి. మర్నాడూ అంతే. ఇల్లు పోయినట్టేనని లేవి అనుకున్నాడు.

టామ్ అనే ముసలి మేస్త్రీ ఆ కాలిని వేలితో తడిమి చూశాడు. గీతలన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి. తాను చేసి చూస్తే ఒకటి లావు, ఒకటి సన్నం. ఎలాగని సైగ చేశాడు. అది పొరపాటని చెప్పేటంత ఇంగ్లీషు లేవికి రాదు. నేర్పడానికి తెలుగు సరిపోయింది.

"బూట్లు ఇప్పు తాతా. కింద కూకో."

టామ్ కూర్చున్నాడు. అతన్ని చూసి మిగిలినవాళ్లూ మేజోళ్లు విప్పారు. లేవి అందరికీ కమానులు కట్టి ఇచ్చాడు.

"కొయ్, ఎత్తు. కొయ్, ఎత్తు. ఏమప్పా టామూ, ఎత్తమంటే నిద్దరపోతాండావా?"

బయట మంచు కురుస్తోంది. చలికి బొటనవేళ్లు నేరేడుపళ్లయ్యాయి. ఒక్కడూ లేవలేదు. ఎండలు వచ్చేసరికి అందరి చేతులకూ ఆ అలవాటే పట్టి, ఆ కార్ఖానాలో కుర్చీకాలు నున్నగా చెయ్యడం ఒక్కరికీ చేతకాకుండా పోయింది.

లేవి తిరిగివచ్చాడు. దొర నిలబడి పట్టే కొత్త తరిమెన బిగించి, కొత్త కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీని అదే కార్ఖానా నుంచి, లేవి ఎక్కిన ఓడలోనే తెప్పించుకున్నాడు. లేవి నిలబడ్డాడు. చెయ్యి కోసింది, ఎత్తింది. కుర్చీకాలినిండా గాజులే.

"ఇదేమిటి? ఇంగ్లండులో ఇలా చేస్తారా?"

"ఇట్లనే చేస్తాండారు దొరా. మీరు కూకున్న కుర్చీ సూసుకోండి."

దొర లేచి కుర్చీ తిరగేశాడు. నాలుగు కాళ్లకూ గాజులున్నాయి. కుర్చీని మళ్లీ నిలబెట్టాడు.

"సరే. మేస్త్రీగా ఉండు. ఇంట్లో కూడా ఉండు."

దొర వెళ్లిపోయాక సంతోషమ్మ దగ్గరికొచ్చింది. "ఇంతకీ ఆడ ఏం నేర్సుకోనొచ్చినావు?"

"నిలబడేది," అన్నాడు లేవి, కమాను తీసుకుని నేలమీద కూర్చుంటూ.