జూజువాడిలో ఎంచుకున్న బిగింపు

మా ఇల్లు గురుబరపల్లిలో, హైవేకి కాస్త లోపలగా ఉంటుంది. ఇటుక గోడలు, ఇనుప రేకుల కప్పు. ఆ రేకులు నా భర్తే వేశాడు. అతను లారీ తోలుతాడు. ఒకసారి లోడు దొరకక ఇంట్లో ఉండిపోయినప్పుడు, ఎవరినీ కూలికి పిలవకుండా తానే నిచ్చెనెక్కి బిగించాడు. నేను కింద నిలబడి రేకు అంచు పట్టుకున్నాను. పెళ్లయ్యాక మేమిద్దరం అన్ని రోజులు ఒకేచోట ఉన్నది అప్పుడే.

మిగతా కాలమంతా అతను వచ్చి పోయే మనిషే. వచ్చిన రోజు పగలంతా నిద్రపోతాడు. ఎండాకాలంలో కరెంటు పోతే ఫ్యాను ఆగిపోయి, రేకుల వేడికి చెమటలు కారుతూ లేచి కూర్చుంటాడు. నేను పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతాను. సోలార్ పెట్టించుకుందామన్న మాట అతని నోటి నుంచే వచ్చింది.

"బ్యాటరీ కూడా పెట్టుకుంటే ఫ్యాను నిల్చిపోదు. పగలు బాగా నిద్రపోతే సాయంత్రం నీతో కూచోని మాట్లాడేకి బలముంటాది" అన్నాడు.

సోలార్ పలకలు వచ్చి వరండాలో గోడకు ఆనుకున్నాయి. వాటిని కప్పుకి బిగించాల్సినాయన క్రిష్ణగిరి నుంచి వచ్చాడు. నడివయసు మనిషి, సొంతూరు వేప్పనపల్లి. రేకులెక్కి చూసి దిగాడు.

"మీవి గట్టూ పల్లంగా ఉండే గాడి రేకులమ్మా. పెద్ద పెద్ద షెడ్లల్లో రేకుకీ రేకుకీ నడుమ నిలువు మడత ఉంటాది. దాన్ని పట్టుకునే క్లాంపులుండాయి, బొక్క పొడిచే పనే లేదు. మీ దానికి అవి పట్టవు. స్క్రూ కొట్టాల్సిందే" అని రెండు రకాల బిగింపులు నా చేతిలో పెట్టాడు.

ఒకటి పొట్టి అల్యూమినియం పట్టీ. రేకు గట్టు మీద కూర్చుంటుంది. రెండు పక్కలా చిన్న స్క్రూలతో దాన్ని రేకుకే బిగిస్తారు. రెండోది ఎల్ అక్షరంలా వంచిన కాలు, అడుగున నల్లటి రబ్బరు. దాని పొడవాటి స్క్రూ రేకును దాటి, కింద రేకులను మోసే ఇనుప పైపులోకి దిగుతుంది.

నేను హోసూరులో బోల్టులు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తాను. ఏది మంచిదో నేనే చెప్పగలను. కానీ చెప్పబుద్ధి కాలేదు. ఆ కప్పు నా భర్త వేసింది. ఫోను చేశాను.

"నేనొచ్చేదాకా రేకుకి బొక్క పెట్టనీయొద్దు. నేనే బిగిస్తాను" అన్నాడు.

సరే అన్నాను. బెంగళూరు దాకా వచ్చేశానని చెప్పేవాడు. నేను చింతాకు పప్పు చేయాలని, దుప్పట్లు ఉతకాలని అనుకుంటూ ఉండగానే మళ్లీ ఫోను వచ్చేది. ఇంకో లోడు పడింది, వెనక్కి పోవాలి. పలకల మీద నా పాత చీర కప్పి ఉంచాను. తోటల్లో మామిడి పిందెలు కాయలయ్యాయి. క్రిష్ణగిరి ఆయన మళ్లీ వచ్చాడు.

"గాలి కాలం వచ్చేస్తాందమ్మా. గాలివానలు మొదలైనంక రేకులెక్కేకి కాదు."

ఆ వారంలోనే ఒకరోజు, షిఫ్టు అయి గేటు బయటికి వస్తుండగా నా భర్త ఫోను చేశాడు.

"ఈడ జూజువాడి చెక్‌పోస్టు కాడ ఉండాను. లోడు హోసూరులోనే దించాల. టౌను లోపలికి వదిలేదాకా ఈడే. దించేసి, ఆడే ఇంకోటి ఎత్తుకుని నార్తు సైడు పోవాల. ఇంటికి రాలేను."

ఫ్యాక్టరీలో మా మేస్త్రికి చూపిద్దామని ఆ పూట రెండు బిగింపులూ సంచిలో వేసుకొచ్చి ఉన్నాను. పెరుగన్నం పొట్లాలు కట్టించుకుని బస్సెక్కాను. చెక్‌పోస్టు దాటాక, వరసగా ఆగిన లారీల మధ్య అతని బండిని వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. క్యాబిన్‌లోంచి చెయ్యి చాచి నన్ను పైకి లాగాడు. గడ్డం పెరిగింది. చెంపలు లోపలికి పోయాయి. చిన్నప్పటి నుంచి మామా అని పిలిచిన మనిషికి పెరుగన్నం పొట్లం విప్పి ఇచ్చాను. సంచిలోంచి బిగింపులు తీసి సీటు మీద పెట్టాను.

అన్నం తింటూనే వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"లారీ మీద టార్పాలిన్ కడతాం గదా, దాన్ని గాలి పైనుంచి కొట్టదు. కిందికి దూరి లేపుతాది. ఈ పట్టీ రేకుని పట్టుకునేది. గాలి లేపితే రేకు కూడా లేస్తాది. ఈ కాలు పైపుని పట్టుకుంటాది. ఇదే వేయించు" అని ఎల్ కాలు నా ఒళ్లో పెట్టాడు. "నేనుంటే నేనే కొడ్తా" అన్నాడు.

"నువ్వు రావు మామా. గాలి వస్తాంది" అన్నాను. కోపంగా అనాలనుకోలేదు. గొంతు అలా వచ్చింది.

అతను అద్దంలోంచి ముందు లారీని చూస్తూ, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"గట్టు మీదనే కొట్టమను. పల్లంలో నీళ్లు పోతాయి. రబ్బరు నలిగేట్లు బిగించనీయొద్దు, గట్టిగా ఆనితే చాలు. బొక్క పొడిస్తే ఇనుప పొడి రాలుతాది, ఊడ్చేయమను. లేకుంటే తుప్పు పడ్తాది."

"నాకు తెల్సు."

"నీకు తెల్సని నాకూ తెల్సు. చెప్పాలనుండింది, చెప్పినాను" అని నవ్వాడు.

ముందున్న లారీలు కదిలాయి. నేను దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. చెయ్యి ఊపాడో లేదో దుమ్ములో కనపడలేదు.

ఆదివారం పలకలు ఎక్కించారు. నేను నిచ్చెన మీద నిలబడి ఒక్కో స్క్రూ దిగుతుంటే చూశాను. తూర్పు మూల గోడ ఎత్తు తక్కువై, నా భర్త అక్కడి పైపును వాలులో కాస్త కిందికి జరిపి వేసిన సంగతి గుర్తొచ్చి చెప్పాను. క్రిష్ణగిరి ఆయన స్క్రూ గుర్తు జరిపి కొట్టాడు. సాయంత్రానికి పని అయిపోయింది. ఇల్లంతా వెలుగుతుంటే ఎవరికి చూపించాలో తెలియక బయటికీ లోపలికీ తిరిగాను.

తర్వాత కొద్ది రోజులకే గాలివాన వచ్చింది. పక్కవాళ్ల పశువుల కొట్టం రేకు ఒకటి లేచి మా వాకిట్లో పడింది. నేను ఇంట్లో నిలబడి కప్పు వైపే చూస్తూ ఉన్నాను. ఏదీ కదలలేదు, ఒక్క చుక్కా కారలేదు. మర్నాడు పొద్దున ఎక్కడో నాగపూర్ అవతలి నుంచి అతను ఫోను చేశాడు.

"యాడైనా కారిందా?"

"లేదు."

"లేచిందా?"

"లేదు మామా. గట్టిగా ఉండాది."

"నువ్వు బయపడినావా?"

అవతల ఇంజను శబ్దం వింటూ ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. అతనూ పెట్టేయలేదు.

వానాకాలం మధ్యలో ఒక పూట వచ్చాడు. చెప్పులు విడిచి, నీళ్లు కూడా తాగకుండా నిచ్చెనెక్కి ఒక్కో కాలినీ పట్టుకుని ఊపి చూశాడు. "బాగా కొట్టినారు" అంటూ దిగాడు. మెచ్చుకున్నాడు కానీ, ఆ పని తన చేతిమీదుగా జరగలేదన్న బాధ ముఖంలో కనిపించింది. నాకూ అదే బాధ. చీకటి పడకముందే లారీ ఓనరు ఫోను వచ్చింది, వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఒడిశా వైపు తిరుగుతున్నాడు. వచ్చే ఏడు హోసూరులోనే కంపెనీ బస్సు తోలే పని చూసుకుంటానంటున్నాడు. ఆ మాట ఇంతకు ముందు కూడా అన్నాడు. అయినా ఫోనులో వింటుంటే, ఇంకోసారి చెప్పమని అడగాలనిపిస్తుంది.