రఫీ పెట్టిన వార్తను నేనే తీసేశాను

2007లో నేను పాల్వంచలో ఒక చిన్న క్రైస్తవ మిషన్ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీసి, గాజు స్లైడు మీద పలుచగా పూసి, మైక్రోస్కోప్ కింద చూడడం నా పని. డ్యూటీ దిగాక బస్టాండు పక్కన నెట్ సెంటర్‌లో కాసేపు కూర్చునేదాన్ని. నాలాంటి చిన్న ఊళ్ళ టెక్నీషియన్లం కలిసి ఈమెయిల్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అర్థం కాని స్లైడు ఫొటో పెడితే ఎవరో ఒకరు జవాబు చెప్పేవారు. దానికి నేనే మోడరేటర్‌ని, అంటే ఏ పోస్టు ఉంచాలో, ఏది తీసేయాలో చూసుకునే మనిషిని.

ఆ వానాకాలంలో చండ్రుగొండ అవతలి అడవి ఊరి నుంచి జోగయ్య అనే కోయ రైతు తన కూతురు కన్నమ్మను భుజాన వేసుకొచ్చాడు. పిల్లకు తొమ్మిదేళ్ళుంటాయేమో, కీళ్ళ నొప్పులతో మెలికలు తిరిగిపోతోంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు స్లైడులో అక్కడక్కడా కొడవలిలా వంగి కనిపించాయి. సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు. హైదరాబాద్ పంపిన పరీక్షా అదే చెప్పింది. మా డాక్టరమ్మ సెలైన్ పెట్టి, మందులిచ్చి నొప్పి తగ్గించింది. నెల తిరక్కుండానే జోగయ్య మళ్ళీ మోసుకొచ్చాడు.

"మేరమ్మా, ఈ పిల్లన్న దక్కుతదా?" అని నన్ను అడిగాడు. "పెద్దది గూడ గిట్లనే ఏడ్సి ఏడ్సి పోయింది."

ఈ నొప్పులు మళ్ళీ మళ్ళీ రాకుండా ఏదైనా మందుందా అని ఆ సాయంత్రం గ్రూపులో అడిగాను. ఖమ్మంలో ల్యాబ్ నడుపుతున్న రఫీ మర్నాడే జవాబు పెట్టాడు. చందా కట్టినవాళ్ళకు మాత్రమే తెరుచుకునే ఒక ఇంగ్లీషు పత్రిక సైటు నుంచి పెద్ద వ్యాసం మొత్తం అతికించాడు. వరంగల్‌లో ఒక డాక్టర్ రోజూ వేసే మాత్రతో ఇలాంటి పిల్లలకు నొప్పులు బాగా తగ్గిస్తున్నాడట. ఆయన ఎక్కడ కూర్చుంటాడో మాత్రం అందులో లేదు.

ఎలా తెలిసిందో, రెండు రోజులకే పత్రికవాళ్ళ మెయిల్ వచ్చింది. వ్యాసం తీసేయకపోతే గ్రూపునే మూయించమని ఈమెయిల్ కంపెనీకి ఫిర్యాదు చేస్తామన్నారు. నేను పోస్టు తీసేసి రఫీకి ఫోన్ చేశాను.

"నేను పైసలు కట్టి చదివిన అక్కా. నలుగురికి చూపిస్తే తప్పేంది? ఆ పిల్లకు అక్కరొచ్చేది గదా," అన్నాడు కోపంగా.

"సంగతి చెప్పొద్దంటలేను రఫీ. రాసిన మాటలు వాళ్ళవి, ఆ రాసినామె కష్టం. సంగతి నీ మాటల్ల చెప్పు, కింద లింకు పెట్టు."

ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు గ్రూపులో కనిపించలేదు. నాకూ దిగులేసింది. సాయం చేయబోయిన మనిషినే దూరం చేసుకున్నానేమో అనిపించింది.

ఈలోగా ఆ వ్యాసం రాసిన విలేకరికి నాకొచ్చిన ఇంగ్లీషులోనే కన్నమ్మ సంగతంతా మెయిల్ చేశాను. ఆమె జవాబు చిన్నది. వ్యాసం అందరికీ తెరవడం తన చేతిలో లేదని, కానీ డాక్టర్‌తో మాట్లాడానని, మా డాక్టరమ్మ నంబరు పంపమని. మర్నాడు మధ్యాహ్నం వరంగల్ డాక్టరే మా దవాఖానాకు ఫోన్ చేసి, పిల్లను తీసుకురమ్మన్నాడు.

తీరా కుదిరాక జోగయ్య వెనక్కి తగ్గాడు. "గంత పెద్దూరు నాకు తెల్వదమ్మా. యాడ దిగాల్నో, ఎవల్ని అడగాల్నో." నాకేమో సెలవు దొరకలేదు. మొహమాటపడుతూనే రఫీకి ఫోన్ చేశాను.

"ఖమ్మం స్టేషన్ల నేను ఉంటనక్కా. వాళ్ళను బస్సెక్కియ్యి," అన్నాడంతే.

అతనే వాళ్ళను రైల్లో వరంగల్ తీసుకెళ్ళాడు. పిల్లకు మాత్ర మొదలైంది. నెలనెలా రక్తపరీక్ష మా ల్యాబ్‌లోనే. చలికాలం దాటేసరికి కన్నమ్మ తనంతట తానే నడిచి వచ్చింది. సూది గుచ్చుతుంటే నా మొహంలోకి చూసి, "ఈ నెల బడి ఎగ్గొట్టలే," అంది.

వరంగల్ నుంచి వచ్చిన వారానికి రఫీ ఆ సంగతంతా తన మాటల్లో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి గ్రూపులో పెట్టాడు. డాక్టర్ దగ్గర కళ్ళారా చూసిందీ కలిపాడు. నేను దాన్ని తెలుగులో చేత్తో రాసి జోగయ్య ఊరి ఆశా కార్యకర్తకిచ్చాను. ఆమె చుట్టుపక్కల ఊళ్ళలో చదివి వినిపించిందట. ఎండాకాలంలోగా ఆ చుట్టుపక్కల నుంచి మరో ముగ్గురు పిల్లలు పరీక్షకు వచ్చారు. ఇద్దరికి అదే జబ్బు. ఈసారి వాళ్ళ తల్లిదండ్రులకు ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలుసు.

ఆ పత్రిక వ్యాసం ఆ తర్వాత కూడా మాకు తెరుచుకోలేదు. అతికించినది అతికించినట్టే ఉండి ఉంటే మా గ్రూపులో ఇంగ్లీషు వచ్చిన కొందరం చదివి ఊరుకునేవాళ్ళం. ఎవరి మాటలూ ఎత్తుకురాకుండా, అర్థం చేసుకున్నంత మన నోటితో చెబితే అది అడవి ఊళ్ళదాకా నడుస్తుందని నాకు ఆ కేసుతోనే తెలిసింది.