కెప్టెన్ గారి గోలు

మా బాబాయి సైన్యం వారి ఫుట్‌బాల్ క్లబ్బులో ఇరవై రెండేళ్ళు సిపాయిగా పనిచేశాడు. సాయంత్రాలు మైదానంలో ఎడమ వైపు ఆడేవాడు, పగలంతా క్లబ్బు ఆఫీసులో టైపు కొట్టేవాడు. బంతినీ టైపుమిషన్నీ ఒకే మనిషికి అప్పజెప్పడం సైన్యానికే చెల్లింది.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది. మ్యాచి నివేదికలో గోలు ఎవరు కొట్టినా జట్టులోని పెద్ద అధికారి పేరే రాయాలి. సిపాయి కొట్టాడంటే ఆజ్ఞ పాటించాడని అర్థం, కాబట్టి ఆజ్ఞ ఇచ్చినాయనే కొట్టినట్టు. ఓడిపోతే మాత్రం పదకొండు మంది పేర్లూ విడివిడిగా, ఎవరి తప్పు వాళ్ళదిగా ఉండేవి.

క్లబ్బు కప్పు గెలిచిన ఏడాది ఫైనల్లో ఉన్న ఒక్క గోలూ మా బాబాయిదే. అప్పటికి కెప్టెన్ గారు కాలు పట్టేసి గీత బయట కూర్చుని సోడా తాగుతున్నారు. మర్నాడు బాబాయే కాగితం ఎక్కించి, "గోలు: కెప్టెన్" అని తప్పుల్లేకుండా కొట్టి, కింద సంతకం పెట్టాడు.

పెళ్ళయ్యాక పిన్నికి ఈ సంగతి చెప్పాడు. ఆవిడ "అలాగా" అంది. ఆ "అలాగా" ఆయనకు ముప్పై ఏళ్ళుగా మింగుడు పడలేదు.

క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండాయి, చరిత్ర పుస్తకం వేస్తున్నారన్నారు. అందులో తన పేరు పడితే పిన్ని నమ్ముతుందని బాబాయి ఆశ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. చరిత్ర రాసే అధికారి పాత నివేదిక తీసి ముందు పెట్టాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"అప్పుడు అబద్ధం రాశారా, ఇప్పుడు చెప్తున్నారా?"

బాబాయి నమస్కారం పెట్టి లేచాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

బయట వరండాలో ఆనాటి కెప్టెన్ గారే ఎదురయ్యారు. రిటైరయ్యి చాలా కాలమైంది. బాబాయి భుజం మీద చెయ్యేశారు.

"మంచి సమయానికి దొరికావయ్యా. రేపు సభలో ఆ గోలు గురించి మాట్లాడమంటున్నారు. ఎలా కొట్టానో ఒక్క ముక్క గుర్తులేదు. నువ్వు దగ్గరే ఉన్నావు కదా, కాస్త చెప్పు."

మీరైతే ఏం చేసేవారో గానీ, మా బాబాయి చెప్పాడు. పూలకుండీని గోల్‌కీపరును చేసి, చెప్పులు విడిచి, ఎడమ కాలితో ఎలా తిప్పాడో రెండుసార్లు చూపించాడు. కెప్టెన్ గారు చీటీ మీద రాసుకున్నారు. ఆ గోలును అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఈ ముప్పై ఏళ్ళలో ఇంకెవరూ లేరని దారిలో నాతో అన్నాడు. పిచ్చి మారాజు, సంబరపడ్డాడు కూడా.

మర్నాడు సభలో కెప్టెన్ గారు పొల్లుపోకుండా చెప్పారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. మాతో వచ్చిన పిన్ని కళ్ళు తుడుచుకుని, బాబాయి చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్ళూ మీదని చెప్పింది ఈయన గోలా? పోనీలెండి, ఇంట్లోనే కదా చెప్పుకున్నారు. నేను ఎవరితోనూ అనను."